పైనుంచి బాంబు వేసి వెనక్కొచ్చే పైలట్‌కి మనసెందుకు దెబ్బతింటుంది? ఒక మాజీ ఎయిర్‌ఫోర్స్ డాక్టర్ జవాబు

ప్రశ్న అడిగినవారి మాటల్లోనే క్లుప్తంగా: "మా తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. ఎన్‌డీఏ రాసి ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్ అవుతానంటున్నాడు. 2025 మేలో టీవీలో ఆపరేషన్ సిందూర్ వార్తలు చూసినప్పటి నుంచి అమ్మకు ఒకటే బెంగ. నేల మీద యుద్ధం చేసేవాళ్లు రక్తం, శవాలు చూస్తారు కాబట్టి వాళ్ల మనసు దెబ్బతింటుందంటే అర్థముంది. పైలట్లు ఎక్కడో ఎత్తులో బటన్ నొక్కి, తిరిగొచ్చి మెస్‌లో వేడివేడిగా భోంచేస్తారు కదా. వాళ్లకూ అలాంటి సమస్యలు వస్తాయా?"

వస్తాయి. కాకపోతే సినిమాల్లోలా అర్ధరాత్రి కేకపెట్టి లేవడం నేను తక్కువే చూశాను. ఎక్కువగా కడుపు మంటగా వస్తాయి. బాగానే ఉన్న ఇంజన్‌లో ఏదో చప్పుడు వినిపించడంగా వస్తాయి. ఇంట్లో భార్యాపిల్లల మీద అర్థంలేని చిరాకుగా వస్తాయి. చావు భయాన్ని పైలట్లు చాలామంది ఏదోలా నెట్టుకొస్తారు. వాళ్లను లోపల్నుంచి తినేసేవి రెండు: ముంచుకొచ్చే ప్రమాదం ముందు చేయడానికి చేతిలో ఏమీ లేకపోవడం, ఆ సంగతి ఎవరికీ చెప్పుకునే వీలు లేకపోవడం. ఈ రెండూ ఒకేచోట కలిస్తే ఎంత గట్టివాడైనా కుంగిపోతాడు.

నేనెవరినో చెప్పాలి కదా. ఎంబీబీఎస్ అయ్యాక ఎయిర్‌ఫోర్స్‌లో మెడికల్ ఆఫీసర్‌గా చేరాను. మొదటి ఏళ్లన్నీ ఫైటర్ స్క్వాడ్రన్లున్న స్టేషన్లలో గడిచాయి. తర్వాత సైకియాట్రీలో పీజీ చేసి సర్వీసు ఆస్పత్రుల్లో పనిచేశాను. మొత్తం ఇరవై రెండేళ్లు. ఇప్పుడు సికింద్రాబాద్‌లో వారానికి నాలుగు రోజులు ఓపీ చూస్తాను. నేను విమానం నడపలేదు. వెనక సీట్లో కూర్చుని రెండుసార్లు కవరు నిండా వాంతి చేసుకున్న అనుభవం మాత్రం ఉంది.

"చేతిలో ఏమీ లేకపోవడం" అంటే

మా పీజీలో ఒక ప్రొఫెసర్ గారు చెప్పిన పాత సంగతి ఇప్పటికీ నా జూనియర్లకు చెబుతుంటాను. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాళ్లకు రెండు రకాల గాలి ఉద్యోగాలు ఉండేవి. ఒకటి విమానం నడపడం. రెండోది యుద్ధరంగం వెనక తాడుతో కట్టిన పెద్ద బెలూన్ కింద బుట్టలో నిలబడి, శత్రువు ఫిరంగులు ఎక్కడున్నాయో చూసి కింద ఉన్నవాళ్లకు చెప్పడం. విమానంలో ఉన్నవాడికి పారాచూట్ ఇచ్చేవారు కాదు. బెలూన్‌లో ఉన్నవాడికి ఇచ్చేవారు. మరి ఎవరి మనసు ఎక్కువ దెబ్బతినాలి? పారాచూట్ లేని పైలట్‌దే అనుకుంటాం. అప్పట్లో రాయల్ ఫ్లయింగ్ కోర్ వాళ్లను పరీక్షించిన డాక్టర్ రివర్స్ గమనించింది దీనికి పూర్తిగా తిరగబడి ఉంది. పైలట్లకన్నా బెలూన్ వాళ్లలోనే మానసిక జబ్బులు ఎక్కువ.

ఎందుకు? పైలట్ మీదికి శత్రువు వస్తే వాడు పక్కకు తిప్పుతాడు, కిందికి దూకిస్తాడు, ఎదురు కాలుస్తాడు. చేతులకు, కాళ్లకు పని ఉంటుంది. బెలూన్ వాడు మాత్రం తన మీదికి వస్తున్న విమానాన్ని చూస్తూ నిలబడాలి. గేదెను గుంజకు కట్టేసినట్టు కట్టేసి ఉంటాడు. పారాచూట్ ఉన్నా ఆ నిలబడటమే మనిషిని తినేస్తుంది.

రెండో ప్రపంచయుద్ధంలో ఇదే సంగతి బాంబర్ల దగ్గర తేలింది. లాంకాస్టర్ బాంబర్‌లో ఏడుగురు ఉండేవారు. స్టీరింగ్ ఒక్కడి చేతిలో. చిట్టచివర తోక దగ్గర ఉండే గన్నర్ సంగతి ఆలోచించండి. గాజు బోనులాంటి గదిలో, గడ్డకట్టే చలిలో, తోటివాళ్లకు వీపు పెట్టి, ఏడెనిమిది గంటలు చీకట్లోకి చూస్తూ ఒక్కడే కూర్చోవాలి. ఇంటర్‌కమ్‌లో వినిపించే గొంతులే తోడు. కింద నుంచి సెర్చ్‌లైట్ పట్టుకుందంటే అతను చేయగలిగింది చాలా తక్కువ.

లెక్కలు వాళ్లకూ తెలుసు

బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో, అంటే బాంబులు వేసే విమానాల విభాగంలో, ఎగిరినవాళ్లు దాదాపు 1,25,000 మంది. వాళ్లలో చనిపోయినవాళ్లు 55,573. నూటికి నలభై నాలుగు. గాయపడినవాళ్లు, బందీలుగా దొరికినవాళ్లు వేరే. ఒక్కొక్కరు 30 దాడులు పూర్తిచేస్తే ఆరు నెలలు విశ్రాంతి, అంటే కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే డ్యూటీ. ఆ తర్వాత మళ్లీ 20. ఒక్కో దాడిలో నూటికి నాలుగు విమానాలు పోతున్నాయనుకుంటే 30 పూర్తిచేసి బతికేవాళ్లు నూటికి ముప్పై మంది కూడా ఉండరు. నూటికి ఐదైతే ఇరవై ఒకటి. ఈ గుణకారం చేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నావిగేటర్ల పనే లెక్కలు వేయడం, వాళ్లకు తెలియకుండా ఉంటుందా? 1944 మార్చి 30 రాత్రి జర్మనీలోని న్యూరెంబర్గ్ మీదికి 795 విమానాలు వెళ్తే 95 తిరిగి రాలేదు.

అమెరికన్లు మొదట 25 అన్నారు, తర్వాత 30 చేశారు, తర్వాత 35. పరుగుపందెంలో ఉన్నవాడి ముందు గీతను జరుపుతూ పోవడం లాంటిది ఇది. అయినా ఒక లెక్కంటూ ఉండటమే కొంత మేలు చేసింది. జర్మన్ పైలట్లకు అదీ లేదు. చచ్చేదాకానో, ఎగరలేని గాయం తగిలేదాకానో ఎగరడమే.

మీరు "తిరిగొచ్చి వేడివేడిగా భోంచేస్తారు కదా" అన్నారు. నిజమే, అసలు చిక్కు అక్కడే ఉంది. కందకంలో ఉన్న సైనికుడు యుద్ధంలోనే ఉంటాడు, అతని ఒళ్లూ మనసూ దానికి అలవాటు పడతాయి. ఇంగ్లండ్‌లోని బాంబర్ కుర్రాడు మాత్రం సాయంత్రం పబ్‌లో బీరు తాగి, మర్నాటి రాత్రి బెర్లిన్ మీద నిప్పుల్లో ఎగిరి, తెల్లారేసరికి శుభ్రమైన దుప్పటి కింద పడుకునేవాడు. మళ్లీ రెండు రోజులకు అదే తంతు. ప్రతిసారీ సుఖంలోంచి లేచి చావు వైపు తన కాళ్ల మీద తాను నడిచి వెళ్లాలి. ఆ నడక ముప్పైసార్లు.

యుద్ధంలో కరువైన కోడిగుడ్డు దాడికి వెళ్లేవాళ్లకు ప్రత్యేకంగా పెట్టేవారు. "నువ్వు రాకపోతే నీ గుడ్డు నాకేనా?" అని భోజనాల దగ్గర జోకు. నవ్వేవాళ్లు కూడా. తెల్లారి చూస్తే పక్క మంచం ఖాళీ. దాని తాలూకు సామాను సర్దేయడానికి "కమిటీ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్" అని ఒక బృందం ఉండేది. మధ్యాహ్నానికల్లా ఆ మంచం మీద కొత్త కుర్రాడు.

సామాను సర్దడం

నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి గురించి చెబుతాను. ఎప్పుడు, ఎక్కడ అన్నది అడగొద్దు, గుర్తుపట్టే వివరాలు మార్చాను. సరిహద్దులో ఉద్రిక్తంగా ఉన్న నెలలు. స్క్వాడ్రన్ మొత్తం రోజూ తెల్లవారుజామున నాలుగింటికే సిద్ధంగా కూర్చునేది. ఆ రోజుల్లో అతనితో పాటు శిక్షణ పొందిన కోర్స్‌మేట్ ఒక సార్టీలో, అంటే విమానం తీసుకుని వెళ్లిన ఒక ట్రిప్పులో, పోయాడు. శత్రువు చేతిలో కాదు, మామూలు ప్రమాదం. అయినా పోవడం పోవడమే.

మూడు వారాల తర్వాత ఈ కుర్రాడు నా గదికి వచ్చి, "డాక్, ఎసిడిటీ. జెలుసిల్ లాంటిది ఏమైనా రాయండి" అన్నాడు. రాశాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. ఈలోగా టెక్నికల్ వాళ్లతో టీ తాగుతుంటే ఒక మాట చెవిన పడింది. ఇతను మూడుసార్లు విమానం నడిపొచ్చి "వైబ్రేషన్ వస్తోంది" అని రాశాడట. మూడుసార్లూ విప్పి చూస్తే ఏమీ లేదు. వేరేవాళ్లు నడిపితే బాగానే ఉంది.

దీని మీద పాత పుస్తకాల్లో ఎంతైనా ఉంది. బాంబర్ కమాండ్‌లో సగం దారిలో "ఇంజన్ బాగాలేదు" అని తిరిగొచ్చేయడాన్ని "బూమరాంగ్" అనేవారు. కొన్నిసార్లు ఇంజన్ నిజంగానే బాగుండదు. కొన్నిసార్లు మనిషికి బాగుండదు. అతను అబద్ధం చెప్పడు, ఆ చప్పుడు అతనికి నిజంగానే వినిపిస్తుంది.

నేను అతన్ని గదిలో కూర్చోబెట్టలేదు. సాయంత్రం గ్రౌండ్‌లో నడుద్దాం రమ్మన్నాను. మూడు రౌండ్లు క్రికెట్ గురించే మాట్లాడాడు. నాలుగో రౌండ్‌లో, "వాడి ట్రంకుపెట్టె సర్దింది నేనే డాక్" అన్నాడు. షేవింగ్ బ్రష్ ఇంకా తడిగా ఉందట. ధోబీ లెక్కల పుస్తకంలో పద్నాలుగు రూపాయలు బాకీ కనిపిస్తే తనే వెళ్లి కట్టాడట. ధోబీ ఆ డబ్బు తీసుకోనంటే బతిమాలి ఇచ్చాడట. అది చెప్పేటప్పుడే గొంతు పోయింది. ప్రమాదం గురించి చెప్పేటప్పుడు కాదు.

అతన్ని కొన్నాళ్లు ఎగరనివ్వకుండా ఆపాను. దానికి నన్ను తిట్టుకున్నాడు. నిద్ర సరిచేశాం, ఇంటికి పంపాం, తిరిగొచ్చాక ఒక సీనియర్ పక్కన కూర్చోబెట్టి మళ్లీ మొదలుపెట్టాం. ఆ తర్వాత చాలా ఏళ్లు ఎగిరాడు. నేను ఆ టీ తాగడానికి వెళ్లకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. సరిగ్గా అదే స్థితిలో ఉన్న ఇంకెంతమందికి నేను జెలుసిల్ రాసి పంపేశానో కూడా తెలియదు.

ఎందుకు చెప్పరు

పైలట్లలో ఒక పాత సామెత ఉంది: డాక్టర్ గదిలోకి వెళ్లిన పైలట్ రెండు రకాలుగానే బయటికి వస్తాడు, వెళ్లినట్టుగానో, అంతకంటే దిగజారో. మెరుగై రావడం అన్నది ఉండదు. వాళ్ల కోణంలో చూస్తే నిజమే. "ఏ1జీ1" అనే మెడికల్ కేటగిరీ వాళ్లకు ప్రాణం. అది తగ్గిందంటే ఎగరడం ఆగిపోతుంది. అలవెన్సు సంగతి పక్కన పెట్టండి, క్రూ రూమ్‌లో అతని కుర్చీ మారిపోతుంది. పదిహేడేళ్ల వయసు నుంచి "నేను పైలట్‌ని" అనుకున్నవాడు ఇప్పుడు తనెవరో కొత్తగా వెతుక్కోవాలి. అందుకే నిద్ర పట్టడం లేదని భార్యకు కూడా చెప్పడు.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1940 ఏప్రిల్‌లో బ్రిటన్ ఒక పద్ధతి పెట్టింది. ఎగరలేనన్నవాడికి శరీరంలోనో మనసులోనో జబ్బుందని డాక్టర్ తేల్చకపోతే అతని ఫైలు మీద "ఎల్ఎంఎఫ్" అని రాసేవారు. లాక్ ఆఫ్ మోరల్ ఫైబర్. మన భాషలో చెప్పాలంటే "గుండెలో దమ్ములేనివాడు" అని సర్కారు ముద్ర. ఛాతీ మీది రెక్కల బ్యాడ్జి పీకేసేవారు, ర్యాంకు తగ్గించేవారు, కింది పనులకు తోసేసేవారు. ఆ కుర్రాళ్లంతా వాలంటీర్లుగా వచ్చినవాళ్లు. ఇరవై ఎనిమిది దాడులు చేసి ఇరవై తొమ్మిదోదానికి వెళ్లలేనన్నవాడినీ, మొదటిదానికే రానన్నవాడినీ ఒకే గాటన కట్టే పద్ధతి ఇది. న్యాయంగా చెప్పాలంటే కొందరు స్టేషన్ డాక్టర్లు, కమాండర్లు ఆ ముద్ర పడకుండా చాలామందిని చాటుగా కాపాడారు. సెలవు ఇచ్చి, బోధన డ్యూటీకి మార్చి, "చెవి ఇన్ఫెక్షన్" అని రాసి.

ఎల్ఎంఎఫ్ భయంతో కొందరు ధైర్యంగా కనిపించి ఉండొచ్చు. కానీ విమానంలో ఆరుగురి ప్రాణాలు ఏడోవాడి మనసు మీద ఆధారపడి ఉన్నప్పుడు, అతన్ని సిగ్గుతో నోరు మూయించి ఎక్కించడం ఎవరికి లాభం? నా దృష్టిలో అది క్రమశిక్షణ పేరుతో చేసిన బుద్ధితక్కువ పని.

చర్చిల్ డాక్టర్ లార్డ్ మోరన్ మొదటి యుద్ధంలో కందకాల్లో పనిచేసినవాడు. ధైర్యం బ్యాంకు ఖాతా లాంటిది, తీస్తూ పోతే ఒకరోజు నిల్వ అయిపోతుంది అన్నాడాయన. కొందరి ఖాతాలో ఎక్కువ, కొందరికి తక్కువ. నా పేషెంట్లకు నేను దీన్ని ఫోన్ బ్యాటరీ అని చెబుతాను. త్వరగా అర్థమవుతుంది. మోరన్‌ని పూర్తిగా ఒప్పుకోను గానీ, "ఇతను పిరికివాడు, అతను వీరుడు" అనే విభజనకన్నా ఇది వంద రెట్లు నయం.

ఎయిర్‌మెన్ అంటే పైలట్లే కాదు

చిన్న పక్కదారి. మన ఎయిర్‌ఫోర్స్‌లో "ఎయిర్‌మన్" అంటే ఆఫీసర్ కానివాడు. విమానం విప్పి బిగించేవాడు, ఆయుధాలు ఎక్కించేవాడు, రాడార్ దగ్గర కూర్చునేవాడు. ఇంటర్ అవగానే అలా చేరిన మన తెలుగు కుర్రాళ్లు ప్రతి స్టేషన్‌లో నాకు కనిపించేవారు. యుద్ధం మనసు మీద చేసే గాయం గురించి రాసేవాళ్లు వీళ్లను మర్చిపోతారు.

విమానం ఎగరబోయే ముందు దాని తాలూకు ఫారం 700 మీద టెక్నీషియన్ సంతకం పెడతాడు. "నేను చూశాను, బాగుంది" అని. ఆ తర్వాత పైలట్ సంతకం పెట్టి ఎక్కుతాడు. విమానం వెళ్లిపోతుంది. టెక్నీషియన్ ఎండలో నిలబడి ఎదురుచూస్తాడు. నాలుగు వెళ్తే నాలుగు వచ్చాయా అని ఆకాశంలో లెక్కపెట్టడం.

సుమారు పన్నెండేళ్ల క్రితం ఒక పెద్దావిడ తన భర్తను నా క్లినిక్‌కి తీసుకొచ్చింది. ఆయన కోస్తా జిల్లా మనిషి, వారెంట్ ఆఫీసర్‌గా రిటైరయ్యారు. "ఈయన రాత్రి మూడుసార్లు లేచి గ్యాస్ సిలిండర్ చూస్తారండీ. వీధి తలుపు గడియ చూస్తారు. మళ్లీ సిలిండర్. నలభై ఏళ్లుగా ఇంతే. ఇప్పుడు నడుం పట్టేస్తోంది, అందుకని తెచ్చాను" అందావిడ. ఆవిడ దృష్టిలో నడుమే సమస్య.

నాలుగోసారి వచ్చినప్పుడు చెప్పారాయన. 1971 డిసెంబర్, అప్పుడు కార్పొరల్. ఆయన సంతకం పెట్టిన విమానం ఒకటి తిరిగి రాలేదు. కింద నుంచి కాల్పులు తగిలాయని, పక్కన ఎగిరినవాళ్లు కళ్లారా చూశారని అదే రోజు సాయంత్రం తెలిసింది. ఆయన తప్పేమీ లేదని అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. "కానీ సర్, ఆ రోజు ఒక ప్యానెల్ స్క్రూ బిగించానా లేదా అన్నది నాకు గుర్తులేదు. మిగతావన్నీ గుర్తున్నాయి. అది ఒక్కటే గుర్తులేదు" అన్నారు. నలభై ఏళ్లకు పైగా ఆయన చూస్తున్నది గ్యాస్ సిలిండర్‌ని కాదని ఆవిడకు అప్పుడు అర్థమైంది. మాత్రలు కొంత పనిచేశాయి. ఆవిడ చేసిన పని ఇంకా బాగా పనిచేసింది. రోజూ పడుకునే ముందు ఒక నోటుపుస్తకంలో "సిలిండర్ చూశాను, తలుపు చూశాను" అని రాసి తనే సంతకం పెట్టడం మొదలుపెట్టింది. రాత్రికి మూడుసార్లు లేచే మనిషి ఒకసారికి వచ్చారు.

దూరం కాపాడుతుందా?

మీ ప్రశ్నలో అసలు తర్కం ఇదే: పైనుంచి చూస్తే మనుషులు కనిపించరు కాబట్టి బాధ ఉండదు. కొంతవరకు నిజం. చాలామంది బాంబర్ సిబ్బంది కింద మంటల్ని వెలుగుగానే చూశారు. 1943 జులైలో హాంబర్గ్‌లో నిప్పుల తుఫాను రేగి ముప్పై వేలకు పైగా జనం చనిపోయారు. కింద ఏం జరిగిందో పైన ఉన్నవాళ్లలో కొందరికి యుద్ధం ముగిసి, ఫొటోలు చూశాకే తలకెక్కింది. అంటే దూరం గాయాన్ని ఆపదు, వాయిదా వేస్తుంది. అందరికీ కూడా కాదు. హిరోషిమా మీద బాంబు వేసిన విమానం నడిపిన పాల్ టిబెట్స్ తనకు ఏ పశ్చాత్తాపమూ లేదని చివరిదాకా చెప్పాడు. అదే రోజు ముందుగా వెళ్లి వాతావరణం చూసి "బాగుంది" అని కబురు పెట్టిన క్లాడ్ ఈథర్లీ తర్వాత జీవితంలో చిన్న చిన్న నేరాలు చేస్తూ, మానసిక ఆస్పత్రుల చుట్టూ తిరిగాడు. అతని కథలో ఎంత అపరాధభావం, ఎంత వేరే జబ్బు అన్నదాని మీద వాదనలు ఉన్నాయి. అందుకే ఒక్క మనిషిని చూపించి సిద్ధాంతం చేయొద్దంటాను.

డ్రోన్లు వచ్చాక ఈ దూరం లెక్క తలకిందులైంది. అమెరికాలో లాస్ వేగాస్ నుంచి కారులో గంట దూరంలో క్రీచ్ అనే ఎయిర్‌ఫోర్స్ బేస్ ఉంది. అక్కడ ఏసీ గదిలో కూర్చుని, భూమికి అవతలి వైపున్న ఊరి మీద డ్రోన్ తిప్పుతారు. వాళ్ల ప్రాణానికి ఏ ప్రమాదమూ లేదు. కానీ ఫైటర్ పైలట్ ఒక లక్ష్యాన్ని క్షణాలపాటు చూస్తే, వీళ్లు ఒకే మనిషిని రోజులు, వారాల తరబడి చూస్తారు. ఎన్నింటికి లేస్తాడు, పిల్లలతో ఎక్కడ ఆడతాడు, ఎవరింటికి వెళ్తాడు. తర్వాత క్షిపణి వదులుతారు. ఆ తర్వాత కూడా కెమెరా అక్కడే ఉంటుంది, ఎవరెవరు వచ్చి ఏం మోసుకెళ్తున్నారో చూడాలి. షిఫ్ట్ అయ్యాక కారెక్కి ఇంటికి వెళ్లి పిల్లాడి హోంవర్క్ చూడాలి. దేని మీద పనిచేస్తున్నాడో భార్యకు చెప్పకూడదు, రహస్యం.

వీళ్ల మీద అమెరికన్ ఎయిర్‌ఫోర్స్ చేయించిన అధ్యయనాలు ఆసక్తిగా ఉంటాయి. పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత వదలకుండా వేధించే మానసిక జబ్బు) అని గట్టిగా చెప్పగలిగిన కేసులు సుమారు నాలుగు శాతమే. పత్రికల్లో రాసినంత భయంకరంగా లేదు. మామూలు పైలట్లతో పోల్చినా వీళ్లలో మానసిక జబ్బులు అంత ఎక్కువేమీ కాదని ఇంకో అధ్యయనం తేల్చింది. కానీ విపరీతమైన అలసట, విసుగు, షిఫ్టుల వల్ల నిద్ర చెడటం చాలా ఎక్కువ. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. మనిషిని ఎప్పుడూ భయానక దృశ్యమే పడగొట్టదు. చాలాసార్లు నిద్రలేమి పడగొడుతుంది, నింద మాత్రం దృశ్యం మీద పడుతుంది.

తట్టుకున్నవాళ్ల సంగతి

ఇప్పటిదాకా చదివి మీ అమ్మగారు ఇంకా కంగారుపడతారేమో. రెండో వైపు కూడా చెప్పాలి. ఎక్కువమంది పైలట్లు యుద్ధం చూసి కూడా మామూలుగానే బతుకుతారు. వియత్నాం యుద్ధంలో బందీలైన అమెరికన్లు 1973లో 591 మంది తిరిగొచ్చారు. ఎక్కువమంది విమాన సిబ్బందే. కొందరు ఐదారేళ్లు, చిత్రహింసలు, ఒంటరి గదులు. వాళ్లను ఆ తర్వాత దశాబ్దాలపాటు పరీక్షిస్తూ వచ్చారు. అనుకున్నదానికన్నా చాలా బాగా ఉన్నారు. కారణాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం: గోడ మీద వేలితో తట్టే భాష. అక్షరాల్ని ఐదు వరసలుగా, వరసకు ఐదుగా పేర్చుకుని, ఎన్నో వరసో కొన్ని తట్లు, అందులో ఎన్నోదో ఇంకొన్ని తట్లు. పక్క గదిలో ఉన్నవాడి ముఖం ఎన్నడూ చూడకుండా ఏళ్ల తరబడి కబుర్లు చెప్పుకున్నారు. గదిలో ఒంటరిగా ఉన్నా ఒంటరివాళ్లు కాలేదు.

మనవాళ్లలో 1971 యుద్ధంలో బందీలైన పైలట్లను రావల్పిండిలో ఉంచారు. అక్కడి నుంచి పారుల్కర్, గ్రేవాల్, హరీశ్ సింహ్‌జీ అనే ముగ్గురు 1972 ఆగస్టులో గోడకు కన్నం పెట్టి పారిపోయారు. ఆఫ్ఘన్ సరిహద్దు దగ్గర లండీకోటల్ దాకా వెళ్లి, పాత మ్యాపులో ఉన్న లండీఖానా అనే రైల్వే స్టేషన్ పేరు అడిగి దొరికిపోయారు. ఆ స్టేషన్ ఎప్పుడో 1932లోనే మూతపడింది. కథగా చెప్పుకుని నవ్వుకుంటాం గానీ, డాక్టర్‌గా నాకు కనిపించేది వేరు. నెలల తరబడి ప్లాన్ వేసుకోవడం, ఇటుక ఇటుకా కదిలించడం. బెలూన్ బుట్టలో నిలబడినవాడికి లేనిది వీళ్లకు ఉంది, చేతికి పని.

కార్గిల్‌లో 1999 మే 27న ఇంజన్ ఆగిపోయి దూకేసి బందీగా దొరికిన కంభంపాటి నచికేత, ఇంటిపేరులోనే తెలుగుదనం ఉంది కదా, వారం రోజులకు తిరిగొచ్చాడు. దూకినప్పుడు వెన్ను దెబ్బతినడంతో ఫైటర్ నడపడం కుదరలేదు. రవాణా విమానాలకు మారి మళ్లీ కాక్‌పిట్‌లో కూర్చున్నాడు. తిరిగి ఎగరగలిగే దారి ఒకటి తెరిచి ఉంచడం చాలామందికి మందుకన్నా బాగా పనిచేస్తుందని నా అనుభవం. అందుకే కుర్రాళ్లను ఆపేటప్పుడు "ఎన్నాళ్లకు తిరిగి చూస్తాం" అన్నది అదే రోజు చెప్పేవాణ్ని. గడువు చెప్పకుండా ఆపితే అది శిక్ష అవుతుంది.

మీ తమ్ముడికి, అమ్మగారికి

ఆపొద్దు. ఇష్టమున్న కుర్రాడిని ఆపి ఇంజనీరింగ్‌లో కుదేస్తే వచ్చే డిప్రెషన్ కేసులు కూడా నా ఓపీలో ఉన్నాయి. ఎన్‌డీఏ తర్వాత దుండిగల్ అకాడమీ దాకా వెళ్లాడంటే ఏళ్ల తరబడి చాలామంది అతన్ని గమనిస్తూనే ఉంటారు.

ఇల్లు చేయగలిగింది ఒకటుంది. సెలవుకు వచ్చినప్పుడు "ఎంతమందిని కొట్టావురా?" అని బంధువులు అడుగుతారు. ఆ ప్రశ్న అడ్డుకోండి. "నిద్ర బాగా పడుతోందా?" అని అడగండి. అరుదుగా తాగేవాడు రోజూ తాగుతున్నాడా, ఫోన్ ఎత్తడం మానేశాడా, చిన్నప్పుడు ఎన్నడూ లేని కడుపు బాధ మొదలైందా, ఇవి చూడండి. ఎవరో స్నేహితుడు పోయాడని తెలిస్తే, ఎలా పోయాడని కాకుండా ఆ స్నేహితుడు ఎలాంటివాడని అడగండి. అక్కడ నోరు తెరుచుకుంటుంది.

సర్వీసులో ఉన్నవాళ్లు ముందు వెళ్లాల్సింది తమ స్టేషన్ డాక్టర్ దగ్గరికే. ఇప్పటి మెడికల్ ఆఫీసర్లు మా కాలంకన్నా ఈ విషయంలో చాలా నయం. మాత్రలు మొదలుపెడితే ఎగరడం ఆగుతుంది, ఇది దాచను. కానీ అది శాశ్వతం కానక్కర్లేదు. తగ్గాక మెడికల్ బోర్డు ముందుకు వెళ్లి, అవసరమైతే బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో పరీక్షలు చేయించుకుని మెట్టు మెట్టుగా తిరిగి రావచ్చు. రిటైరైనవాళ్లు, ఇంట్లోవాళ్లు ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంకేమైనా సందేహాలుంటే కింద అడగండి, ఆదివారం కూర్చుని జవాబు రాస్తాను. పైలట్ సెలక్షన్ టెస్టు ఎలా పాసవ్వాలని మాత్రం అడగొద్దు. చెప్పాను కదా, నాది వాంతి కవరు బాపతు.